పూడ్చవలసిన గుంత – పూడ్చకూడని కుంట



లేఖారచనలో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. ‘మీ వీధిలో రోడ్డు పాడైంది. బాగు చేయించమని కోరుతూ పురపాలక సంఘం కమిషనరుకు లేఖ రాయండి.’ ఈ ప్రశ్నకు వచ్చిన జవాబులు దిద్దుతున్నప్పుడు నాకు మూడు రకాల వాక్యాలు కనిపిస్తుంటాయి. కొందరు ‘మా రోడ్డు మీద పాట్‌హోల్స్ చాలా ఉన్నాయి’ అని రాస్తారు. కొందరు ‘మా రోడ్డుకు రంధ్రాలు పడ్డాయి’ అని రాస్తారు. మిగిలినవాళ్లు ‘మా రోడ్డు అస్సలు బాగోలేదు’ అని ఊరుకుంటారు. మొదటి వాక్యంలో ముఖ్యమైన మాటే తెలుగు కాదు. రెండోది తెలుగే గాని ఆ మాట రోడ్డుకు నప్పదు. మూడోది చదివిన కమిషనరుగారికి తాను ఏం చేయాలో తెలియదు.

ఇందులో మీ తప్పేమీ లేదు. అమ్మకో నాన్నకో బదిలీ అయినప్పుడల్లా మీ ఊరు మారింది, బడి మారింది, చుట్టూ వినిపించే భాష మారింది. తెలుగు మీకు ఎక్కువగా ఇంటి నాలుగు గోడల మధ్యే వినిపించింది. అన్నం, కూర, నిద్ర, చదువు, అలక వంటివాటికి మాటలు దొరికాయి. రోడ్డు, చెరువు, వాగు, పొలం గురించి తెలుగులో మాట్లాడే అవసరం పెద్దగా రాలేదు. అందుకని ఈసారి ఒక్క గుంతనే పట్టుకుని దాని చుట్టూ ఉన్న మాటలు నేర్చుకుందాం. పాఠం ముగిసేసరికి మీకు రెండు సంగతులు తెలియాలి. ఒకటి, ఏ గుంతను పూడ్చాలి? రెండు, దేన్ని పూడ్చకూడదు?

1. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క పని

గుంత, గుంట: చుట్టూ ఉన్న నేలకన్నా కిందికి దిగిన చోటు. దీనికి అడుగు ఉంటుంది. కొందరు గుంత అంటారు, కొందరు గుంట అంటారు. మొక్క నాటడానికి గుంత తీస్తాం. జ్వరపడి లేచిన మనిషికి కళ్లు గుంటలు పడ్డాయంటాం. వామనగుంటల పలకలో వరుసకు ఏడు చొప్పున రెండు వరుసల్లో పద్నాలుగు గుంటలుంటాయి. చింతగింజలతోనో గవ్వలతోనో ఆడతారు. తమిళనాడులో ఉన్నవాళ్లు ఇదే ఆటను పల్లాంగుళి పేరుతో చూసి ఉంటారు. ఆ పేరు చివరనున్న ‘కుళి’ అన్నా గుంతే.

గొయ్యి: ఇది గుంతకన్నా లోతు. చాలాసార్లు మనిషి తవ్వినదై ఉంటుంది. గుంతలో కాలు పడుతుంది, గొయ్యిలో మనిషే పడతాడు. తెలంగాణలో దీన్ని బొంద అని కూడా అంటారు. పెద్దవాళ్లు విసుగొచ్చినప్పుడు ‘నీ బొంద!’ అంటారే, ఆ బొంద ఇదే.

గతుకు: ఈ మాటను జాగ్రత్తగా గమనించండి. గుంత అనేది నేలలో కనిపించే ఆకారం. గతుకు బండిలో కూర్చున్నవాడి నడుముకు తెలుస్తుంది. ఎత్తూ పల్లమూ కలిసి చక్రాన్ని ఎగరేసే చోటును గతుకు అంటారు. అందుకే ‘గతుకుల రోడ్డు’ అంటాం గాని, పెరట్లో మొక్క కోసం ‘గతుకు తీశాను’ అనం. ప్రయాణం ఉన్నచోటే ఈ మాటకు పని. ఒకే ఒక్క గుంత ఉంటే ‘రోడ్డు మీద గుంత ఉంది’ అనండి. దారి పొడవునా ఇదే బాధైతే ‘రోడ్డంతా గతుకులే’ అనండి.

అతుకు: గతుకు మీద వేసేది అతుకు. చిరిగిన గుడ్డకు వేసినట్టే రోడ్డుకూ అతుకు వేస్తారు. గతుకులు పోయి అతుకులు మిగిలిన రోడ్లు మీరు చాలానే చూసి ఉంటారు. అతుకు చుట్టూ ఉన్న రోడ్డుతో సమంగా లేకపోతే అదీ ఒక గతుకే అవుతుంది.

పల్లం: విశాలంగా దిగి ఉన్న నేల. దీనికి వ్యతిరేకపదం మిట్ట. గుంతను ఒక్క అడుగులో దాటవచ్చు. పల్లంలో ఊళ్లే ఉంటాయి.

సొట్ట: గిన్నెకో కారు తలుపుకో దెబ్బ తగిలి లోపలికి పోయిన చోటు. నవ్వినప్పుడు కొందరి బుగ్గల మీద పడేదీ సొట్టే.

చిల్లు, కన్నం, రంధ్రం: ఇవి సాధారణంగా ఈ పక్కనుంచి ఆ పక్కకు పోతాయి. కుండకు చిల్లు పడితే నీళ్లు కారిపోతాయి. గోడకు కన్నం వేస్తే దొంగ లోపలికి వస్తాడు. రోడ్డుకు రంధ్రాలు పడ్డాయంటే కింద ఇంకో అంతస్తు ఉన్నట్టు వినిపిస్తుంది. అందుకే ఆ వాక్యం దగ్గర నా ఎర్ర కలం ఆగుతుంది.

తొర్ర, కలుగు, బొరియ: ఇవి ప్రాణులు కాపురముండే చోట్లు. చెట్టుకు తొర్ర, ఎలుకకు కలుగు, కుందేలుకు బొరియ.

పాతర: ధాన్యం దాచడానికి నేలలో తవ్విన గొయ్యి. ఇందులో మనిషి పడడు, మనిషి తిండి భద్రంగా ఉంటుంది.

చెలమ, దొన, కుంట: ఈ మూడూ నీటి చోట్లు. ఎండిన ఏటి ఇసుకలో చేతులతో తోడితే ఊట నీరు చేరే చిన్న గుంత చెలమ. కొండమీది బండల్లో వాననీరు నిలిచే సహజమైన తొట్టి దొన. చెరువుకన్నా చిన్నది కుంట. ఇంగ్లీషులో ‘హోల్’ అనే ఒక్క మాటతో చాలావరకు గడిచిపోతుంది. తెలుగు మాత్రం లోతు ఎంత, తవ్వింది ఎవరు, అడుగుందా లేదా, నీరుందా లేదా అని అడిగి మరీ పేరు పెట్టింది.

2. గొయ్యితో కాస్త వ్యాకరణం

‘రోడ్డు మీద రెండు గొయ్యిలు ఉన్నాయి’ అని రాయకూడదు. ‘గోతులు’ అనాలి. గొయ్యి అనే మాట విభక్తి ముందు ‘గోతి’గా మారుతుంది. గోతిలో, గోతికి, గోతి పక్కన అంటాం. బహువచనంలో గోతులు అవుతుంది. మాటల్లో ‘గొయ్యిలో’ అన్నా, రాతలో ‘గోతిలో’ అనడం ఒప్పు.

ఇలాంటి మాటలు మీకు ముందే తెలుసు. ‘చెయ్యిలు కడుక్కో’ అని మీరెప్పుడూ అనరు, ‘చేతులు కడుక్కో’ అంటారు. చెయ్యి – చేతి – చేతులు. నుయ్యి – నూతి – నూతులు. గొయ్యి – గోతి – గోతులు. నెయ్యికి బహువచనం అక్కర్లేదు గాని, నేతి గిన్నె, నేతి గారె అంటున్నామా లేదా? వ్యాకరణంలో ఇటువంటి మార్పు పొందే మాటలను ఔపవిభక్తికాలు అంటారు. పేరు బరువుగా ఉన్నా పని మీకు అలవాటైనదే. అనుమానం వస్తే ‘చెయ్యి’ని తలచుకోండి, అది దారి చూపిస్తుంది.

3. సామెతల్లో గొయ్యి

ముందు నుయ్యి, వెనుక గొయ్యి: ఎటు కదిలినా ఆపదే అన్న స్థితి. నుయ్యి నీళ్లున్నది, గొయ్యి నీళ్లు లేనిది. ఒకదానిలో మునుగుతాం, ఇంకొకదానిలో విరుగుతాం.

గోతులు తవ్వడం: ఎదుటివాణ్ని దెబ్బతీయడానికి చాటుగా పన్నాగాలు పన్నడం. ‘నా వెనక గోతులు తవ్వుతున్నాడు’ అంటే పార పట్టుకున్నాడని కాదు.

తాను తీసిన గోతిలో తానే పడడం: ఇది పై మాటకు కొనసాగింపు. అర్థం మీకే తెలుస్తోంది.

గోతికాడ నక్క: ఎవరికి కీడు జరుగుతుందా, తనకు లాభం ఎప్పుడొస్తుందా అని ఆశగా కాచుకుని ఉన్నవాడు.

ఈ నాలుగింటిలోనూ గొయ్యి అంటే ఆపదే. ఇక్కడ గొయ్యి బదులు కుంట అని పెట్టి చూడండి. ఒక్క సామెతా నిలవదు. ఆ తేడాను గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

4. ఇంగ్లీషు మాట వెనక కుండ

పాట్‌హోల్ అనే మాటకు ఒక కథ ప్రచారంలో ఉంది. పూర్వం రోమన్ల రోడ్ల కింద మంచి బంకమట్టి ఉండేదట. కుమ్మరులు ఆ మట్టి కోసం రోడ్లు తవ్వేవారట. కుండల కోసం తీసిన గుంతలు కాబట్టి పాట్‌హోల్స్ అన్నారట. వినడానికి బాగుంది. కాని మాటల చరిత్ర రాసే నిఘంటువులు వేరే దారి చూపుతున్నాయి. ఇంగ్లండు ఉత్తర భాగంలోనూ స్కాట్లాండులోనూ ‘పాట్’ అంటే లోతైన గొయ్యి అనే అర్థం వందల ఏళ్లుగా ఉంది. ఆ పాట్‌కు హోల్ తోడై పాట్‌హోల్ అయింది. 19వ శతాబ్దంలో భూగర్భశాస్త్రం రాసినవాళ్లు ఈ మాటను వాడింది రోడ్ల గురించి కాదు, రాళ్లలో పడిన గుంతల గురించి. రోడ్డు మీది అర్థం తరువాత వచ్చింది.

రాతిలో గుంత ఎలా పడుతుంది? నది వేగంగా పారేచోట నీరు సుడి తిరుగుతుంది. సుడిలో చిక్కిన గులకరాయి బయటికి రాలేక అక్కడే గిరగిర తిరుగుతూ అడుగురాతిని అరగదీస్తుంది. ఆ రాయి అరిగిపోతే ఇంకొకటి వచ్చి చేరుతుంది. వేల ఏళ్లు గడిచేసరికి రోలు తొలిచినట్టు గుండ్రటి గుంత తయారవుతుంది. మహారాష్ట్రలోని అహిల్యానగర్ జిల్లాలో (పాత పేరు అహ్మద్‌నగర్) నిఘోజ్ అనే ఊరి దగ్గర కుకడి నదిలో ఇలాంటివి చాలా ఉన్నాయి. అక్కడి నల్లరాయి సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పారిన లావా గడ్డకట్టగా ఏర్పడింది. ఆ గుంతలను మరాఠీలో ‘రాంజణ్ ఖళగే’ అంటారు. రాంజణ్ అంటే నీళ్లు నింపుకునే పెద్ద బాన, ఖళగా అంటే గుంత. ఇంగ్లీషువాళ్ల మాటలో కుండ వినిపిస్తోంది, మరాఠీవాళ్లకు బాన కనిపించింది. పుణె, నాసిక్ వైపు ఉన్నవాళ్లు వీలైతే వెళ్లి చూడండి. వానాకాలంలో మాత్రం ఆ రాళ్ల మీదికి దిగకండి.

ఇదే మాటకు అమెరికా, కెనడాల్లో ఇంకో అర్థం ఉంది. మంచుయుగం ముగిసి పెద్ద మంచుపలకలు కరుగుతూ వెనక్కి తగ్గినప్పుడు అక్కడి గడ్డిమైదానాల్లో లెక్కలేనన్ని పల్లాలు మిగిలాయి. వాటిలో నీళ్లు చేరి చిన్న చిన్న మడుగులయ్యాయి. వాటినీ పాట్‌హోల్స్ అనే అంటారు. ఉత్తర అమెరికాలోని బాతుల్లో సగానికి పైగా గుడ్లు పెట్టి పిల్లల్ని చేసేది ఆ ప్రాంతంలోనే. రైతులు సాగుభూమి కోసం ఆ మడుగుల్లో చాలా భాగాన్ని ఎండగట్టారు. బాతులు తగ్గాయి, వరదలను పట్టి ఉంచే చోట్లూ తగ్గాయి. ఇప్పుడు మిగిలినవాటిని కాపాడుకునే పనిలో ఉన్నారు.

చూశారా? ఒకే మాట. రోడ్డు మీదిదైతే పూడ్చాలి, మైదానంలోదైతే కాపాడాలి. ఇంగ్లీషు రెండింటికీ ఒకే పేరు పెట్టింది. మరి తెలుగు?

5. కుంట, గుంట, గుండం – ఒకే ఇంటి పిల్లలు

టి. బరో, ఎం. బి. ఎమెనో అనే ఇద్దరు పండితులు ద్రావిడ భాషల్లోని మాటలను పోల్చి 1961లో ఒక పెద్ద నిఘంటువు ప్రకటించారు. అందులో తెలుగు కుంట, గుంట, గుంత, గుండం, కన్నడ గుండి, తమిళ కుండు ఒకే కుటుంబంలో కనిపిస్తాయి. లోతు, గుంట, నీటి మడుగు అనేవి ఆ కుటుంబంలోని అర్థాలు. పాత శాసనాల్లో గుండం అంటే ఎండిన వాగులో ఉండే గుంట అనే అర్థం కూడా ఉంది. గుండం ఈనాటికీ మన చుట్టూనే ఉంది. నీరు తిరిగితే సుడిగుండం, నిప్పు రగిలితే అగ్నిగుండం, సముద్రం మీద అల్పపీడనం బలపడితే వాయుగుండం.

అంటే ఒక్క మూలం నుంచి పుట్టిన మాటలను తెలుగువాళ్లు పనులకు తగ్గట్టు పంచుకున్నారు. గుంతను ఖాళీ చోటుకు, గుండాన్ని తిరిగే నీటికీ రగిలే నిప్పుకూ, కుంటను నిలిచిన నీటికి ఉంచుకున్నారు. కొన్నిచోట్ల నీటి కుంటనూ గుంట అనే అంటారు. అయినా ‘ఊరి కుంట’ అనగానే వినేవాడికి నీళ్లే కనిపిస్తాయి.

రైలు ప్రయాణాల్లో మీకు ఎదురయ్యే పేర్లు చూడండి: రేణిగుంట, గుంతకల్లు, రామగుండం, జమ్మికుంట, గుంటూరు. గుంటూరుకు సంస్కృతంలో గర్తపురి అని పేరు. గర్త అంటే గుంట. బెంగాల్‌లో చదివినవాళ్లకు ఈ మాట తెలుసు, అక్కడ రోడ్డు మీది గుంత ‘గర్తో’. అయితే ఒక హెచ్చరిక. ఊరిపేరులో ఒక ధ్వని వినిపించినంతమాత్రాన అర్థం తేలిపోయిందనుకోకూడదు. పాత శాసనాలు, ఊళ్లోని పెద్దల మాట, నేల తీరు మూడూ కలిసినప్పుడే నమ్మాలి. కుమ్మరుల కథ మనకు నేర్పింది అదే.

పలకడానికి ఒకటిగా ఉండి అర్థం వేరుగా ఉండే గుంటలూ ఉన్నాయి. తెలంగాణలో భూమిని ఎకరాలు, గుంటల్లో కొలుస్తారు. 40 గుంటలు ఒక ఎకరం, అంటే ఒక గుంట 121 చదరపు గజాలు. ‘మాకు పది గుంటలున్నాయి’ అని అక్కడి రైతు అంటే జాలిపడకండి, అది పావు ఎకరం పొలం. ఉత్తరాంధ్రలో గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే మగపిల్లవాడు. శ్రీకాకుళం బామ్మ ‘ఓలే గుంటా’ అని పిలిస్తే అది ముద్దే!

6. రోడ్డు మీద గుంత ఎలా పుడుతుంది?

తారురోడ్డును పైనుంచి చూస్తే నల్లటి పొర ఒక్కటే కనిపిస్తుంది. దాని కింద కంకర పొరలు, వాటి కింద గట్టిపరిచిన మట్టి ఉంటాయి. బరువు మోసేది ఆ కింది పొరలే. ఎండకు ఎండి, బండ్ల బరువుకు నలిగి పైపొరలో సన్నని పగుళ్లు పడతాయి. వాన నీరు ఆ పగుళ్లలోంచి లోపలికి దిగి కింది మట్టిని మెత్తబరుస్తుంది. బండి చక్రం పైనుంచి నొక్కినప్పుడల్లా ఆ నీరు మట్టిని కడిగి బయటికి నెడుతుంది. లోపల ఖాళీ ఏర్పడి, ఒకరోజు లారీ వెళ్లగానే పైపొర కూలిపోతుంది. మనకు గుంత కనిపించేది అప్పుడే. అది పుట్టింది మాత్రం ఎప్పుడో.

లేహ్, శ్రీనగర్ వంటి చలి ప్రాంతాల్లో ఇంకో కారణం కూడా ఉంది. పగుళ్లలో చేరిన నీరు రాత్రి గడ్డకడుతుంది. మంచుగా మారినప్పుడు నీటి పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. అది రోడ్డును లోపలినుంచి చీలుస్తుంది. పగలు కరుగుతుంది, రాత్రి మళ్లీ గడ్డకడుతుంది. ఎక్కడైనా అసలు శత్రువు నీరే. ‘నీరు పల్లమెరుగు’ అన్నారు పెద్దలు. పక్క కాలువ పూడిపోతే నీరు పల్లంలో ఉన్న రోడ్డునే వెతుక్కుంటుంది.

అందుకే గుంతలో నాలుగు తట్టల మట్టి పోసి వెళ్లిపోతే అది తరువాతి వానకే కొట్టుకుపోతుంది. సరైన పద్ధతి వేరు. గుంత అంచులను నిటారుగా చెక్కాలి. లోపలి నీళ్లు, వదులు కంకర తీసేయాలి. తారు పూసి, తారు కలిపిన కంకర నింపి, దిమ్మిసతోనో రోలరుతోనో గట్టిగా అణచాలి. చివరికి చుట్టూ ఉన్న రోడ్డుతో చదునుగా ఉండాలి.

ఇది చిన్న విషయం కాదు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో గుంతల వల్ల 4,446 ప్రమాదాలు జరిగాయి, 1,856 మంది చనిపోయారు. 2013 నుంచి 2017 దాకా ఇలా 14,926 మంది చనిపోయారన్న లెక్క చూసి, 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇది ఒప్పుకోదగిన విషయం కాదని అంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 198ఎ సెక్షన్ చేర్చారు. రోడ్డు వేసేవారు, చూసుకోవలసినవారు ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణమో వైకల్యమో సంభవిస్తే లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. హైదరాబాదులో గంగాధర తిలక్ కాట్నం అనే విశ్రాంత రైల్వే ఉద్యోగి, ఆయన భార్య ఏళ్ల తరబడి తమ ఖర్చుతో రోడ్ల మీది గుంతలు పూడుస్తున్నారు. మీలో చాలామంది ఇళ్లలాగే వారిదీ రైల్వే ఉద్యోగంతో నడిచిన ఇల్లే.

7. పూడ్చడం, పూడిక తీయడం

ఇప్పుడు క్రియల దగ్గరికి వద్దాం. రోడ్డు మీది గుంతను పూడుస్తాం. ఊరి కుంటలో పూడిక తీస్తాం. పూడ్చు, పూడు, పూడిక ఒకే మాటకు రూపాలు. కాని పనులు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఒకచోట మట్టి నింపడం మేలు, ఇంకోచోట మట్టి తీయడం మేలు.

కుంట ఊరికి ఏం చేస్తుంది? వాన పడినప్పుడు నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నీరు మెల్లగా నేలలోకి ఇంకి చుట్టుపక్కల బావుల్లో ఊటగా పైకి వస్తుంది. పశువులు తాగుతాయి, కొంగలు వాలతాయి. ఏటా వరదతో వచ్చే ఒండ్రు అడుగున పేరుకుని కుంట లోతు తగ్గుతుంది. ఆ ఒండ్రే పూడిక. దాన్ని తీసి పొలాల్లో చల్లితే నేలకు సత్తువ. తెలంగాణ ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన మిషన్ కాకతీయ పని ఇదే. 46 వేలకు పైగా చెరువులు, కుంటలను బాగుచేయాలన్నది దాని లక్ష్యం.

పట్టణాల్లో దీనికి తలకిందులుగా జరిగింది. రోడ్డు మీది గుంత పూడ్చకుండా మిగిలింది, ఊరి కుంట పూడిపోయి ఇళ్ల స్థలాలైంది. కుంట పోయినా వాన ఆగదు. నీరు తన పాత చోటికే వస్తుంది, అక్కడ మన ఇల్లు ఉంటుంది. 2015 డిసెంబరులో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాదులో వరదలు అంతగా ముంచెత్తడానికి కురిసిన వాన ఒక కారణమైతే, నీరు నిలిచే చోట్లూ పారే దారులూ మూసుకుపోవడం ఇంకో కారణం. అలా ఎక్కడికీ పోలేని నీరు రోడ్డెక్కుతుంది. రోడ్డు మీద నిలిచిన నీరు ఏం చేస్తుందో ఇందాకే చదివాం. పూడ్చకూడని కుంటను పూడిస్తే పూడ్చవలసిన గుంతలు పెరుగుతాయి.

ఒక స్థలాన్ని ‘అదేదో ఖాళీ గుంత’ అని పిలిస్తే ఎవరైనా మట్టి పోయడానికి సిద్ధపడతారు. ‘అది ఊరి కుంట’ అంటే ఒక్క క్షణం ఆగుతారు. మాట పోయినచోట ఆ ఆగడమూ పోతుంది. మీరు ఈ మాటలు విడివిడిగా నేర్చుకోవాలని నేను పట్టుబట్టేది మార్కుల కోసమే కాదు.

8. ఇప్పుడు లేఖ రాద్దాం

మంచి ఫిర్యాదులో ఐదు సంగతులుండాలి. ఎక్కడ, ఎంత, ఎప్పటినుంచి, ఎవరికి ప్రమాదం, ఏం చేయాలి. కొలతకు టేపు లేకపోయినా ఫరవాలేదు. బెత్తెడు, జానెడు, మూరెడు అనే కొలతలు మీ చేతిలోనే ఉన్నాయి. నమూనా చూడండి.

‘అయ్యా, మా కాలనీ ప్రధాన ద్వారానికి ఎడమవైపు, పాలకేంద్రం ఎదురుగా, రోడ్డు మధ్యలో ఒక గొయ్యి ఉంది. అది సుమారు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, జానెడు లోతు ఉంది. జూలై మొదటి వారంలో కురిసిన వానకు చిన్న గుంతగా మొదలై ఇప్పుడు ఇంత అయింది. వాన వస్తే నీళ్లు నిండి కనబడదు. రోజూ ఉదయం ఏడున్నరకు బడిపిల్లలు ఈ దారినే సైకిళ్ల మీద వెళతారు. పక్క కాలువ పూడిపోవడంతో నీరంతా రోడ్డు మీదికే వస్తోంది. దయచేసి గోతిని పూడ్పించి, కాలువలో పూడిక తీయించవలసిందిగా మనవి.’

ఇందులో ‘బాగోలేదు’ అనే మాట ఎక్కడా లేదు. అయినా రోడ్డు ఎంత బాగోలేదో చదివినవారికి తెలుస్తుంది.

లేఖ ఎవరికి రాయాలన్నదీ తెలుసుకోండి. పట్టణ వీధులు పురపాలక సంఘానివి. కంటోన్మెంటులో కంటోన్మెంటు బోర్డునో సైనిక ఇంజినీరింగ్ విభాగాన్నో, రైల్వే కాలనీలో రైల్వే ఇంజినీరింగ్ విభాగాన్నో అడగాలి. జాతీయ రహదారి అయితే 1033 నంబరుకు ఫోను చేయవచ్చు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన పల్లెరోడ్లకు ‘మేరీ సడక్’ అనే యాప్ ఉంది. బండ్లు తిరిగే రోడ్డు మీద కొలతలు తీయడానికి మాత్రం పెద్దవాళ్లు లేకుండా వెళ్లకండి.

అభ్యాసం

1. ఖాళీలను తగిన మాటతో పూరించండి. (గతుకులు, కుంట, చిల్లు, సొట్ట, గోతి)
అ) బకెట్టుకు _____ పడి నీళ్లు కారిపోతున్నాయి.
ఆ) ఎండాకాలం రాకముందే ఊరి _____లో పూడిక తీశారు.
ఇ) దారంతా _____ కావడంతో తాతయ్యకు నడుము నొప్పి వచ్చింది.
ఈ) కిందపడ్డ గిన్నెకు _____ పడింది.
ఉ) కరెంటు స్తంభం కోసం తీసిన _____లో దూడ పడింది.

2. నుయ్యి, చెయ్యి, గొయ్యి – ఈ మాటలను ‘లో’, ‘కి’ చేర్చి సొంతవాక్యాల్లో వాడండి. బహువచనాలు రాయండి.

3. ‘గోతులు తవ్వడం’, ‘గోతికాడ నక్క’ – ఈ రెండు జాతీయాలూ వచ్చేలా ఆరు వాక్యాల కథ రాయండి.

4. ‘పూడ్చడం’, ‘పూడిక తీయడం’ మధ్య తేడాను మీ ఊరి ఉదాహరణలతో వివరించండి.

ప్రాజెక్టు పని

మీ కాలనీలో పది రాష్ట్రాలవాళ్లుంటారు. ఇతర బడుల పిల్లలకు లేని భాగ్యం ఇది. సాయంత్రం ఇంటింటికీ వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి. రోడ్డు మీది గుంతను మీ భాషలో ఏమంటారు? నీళ్లు నిలిచే చిన్న చెరువును ఏమంటారు? జవాబులను తెలుగు లిపిలో పట్టికగా రాయండి. మొదటి ప్రశ్నకు హిందీలో గడ్ఢా, మరాఠీలో ఖడ్డా, గుజరాతీలో ఖాడో, పంజాబీలో టోఆ, కన్నడంలో గుండి, తమిళ మలయాళాల్లో కుళి అని వస్తాయి. రెండో ప్రశ్నకు బెంగాలీవాళ్లు పుకుర్ అంటారు, రాజస్థాన్‌వాళ్లు జోహడ్ అనవచ్చు. మిగిలినవి మీరే నింపండి. ఏ భాషలో ఈ రెండింటికీ ఒకే మాట ఉందో, ఏ భాషలో వేరువేరు మాటలున్నాయో గుర్తించండి.

తరువాత మీ కాలనీ పటం గీయండి. పూడ్చవలసిన గుంతలను ఎర్రరంగుతోనూ, పూడ్చకూడని కుంటలను నీలిరంగుతోనూ చూపండి. ఎర్రచుక్కల గురించి ఒక లేఖ రాసి తరగతిలో చదవండి. బాగున్న లేఖలను ప్రిన్సిపాల్‌గారి సంతకంతో సంబంధిత కార్యాలయానికి పంపుదాం.